మోతీ వాటా

అరబ్బుల దేశంలో కల్బా అనే ఊళ్లో, ఒక మాంసం కొట్టులో కత్తి పట్టే ఖాదర్ హుస్సేన్‌కు దయగల మనిషని పేరు. ఆ పేరు ఎంత చవగ్గా వచ్చిందో 2008లో గానీ అతనికి తెలిసిరాలేదు.

ఊరి బయట ఒక అరబ్బు తోటలో గొర్రెలు కాసే సనావుల్లాది ఖాదర్ పక్క ఊరే, కడప జిల్లా. శుక్రవారం శుక్రవారం ఆ తోటకు వెళ్లి, యజమాని అతిథుల కోసం గొర్రెను కోసేది ఖాదరే. ఒక్కోసారి కార్జం మీద ద్రాక్షపండంత తెల్లటి నీటిబుడగలు కనిపించేవి. అలాంటిది అరబ్బు ఇంటికి పంపిస్తే ఉద్యోగం ఖలాస్. అందుకని ఖాదర్ దాన్ని, సనావుల్లా పెంచుకునే మోతీ అనే కుక్క ముందు పడేసేవాడు. నోరులేని జీవానికి పెడితే సవాబు అనేవాడు. పుణ్యానికి పుణ్యమూ దక్కేది, పనీ తప్పేది.

పని అంటే గొయ్యి తవ్వడం. ఆరేళ్ల క్రితం మునిసిపాలిటీ పశువుల డాక్టరు తోటకు వచ్చినప్పుడు సనావుల్లా మందతో దూరంగా ఉన్నాడు. బుడగల కార్జం కుక్క నోట పడితే మనుషులకే ముప్పని, లోతుగా పాతిపెట్టాలని ఆయన ఖాదర్‌కు చెప్పి వెళ్లాడు. ఖాదర్ తలూపాడు. ఆ ఎండలో ఒక్కనాడూ గొయ్యి తవ్విన పాపాన పోలేదు. సనావుల్లాకు ఆ మాట చేరవేయనూ లేదు.

ఇప్పుడు సనావుల్లాకు కుడి డొక్కలో పోటు. ఫుజైరా ఆసుపత్రిలో స్కాన్ తీసి, కార్జంలో కమలాపండంత నీటితిత్తి ఉందన్నారు. మలయాళీ డాక్టరు ఓపికగల మనిషి. వచ్చీరాని హిందీలో చెబుతూ కాగితం మీద గొర్రెను, కుక్కను, మనిషిని గీశాడు. బుడగలున్న పచ్చి కార్జం తిన్న కుక్క కడుపులో నలుసంత పురుగులు పెరుగుతాయట. వాటి గుడ్లు పెంటలో దిగి, బొచ్చుకు అంటుకుని, నిమిరిన చేతి నుంచి నోట్లోకి పోతాయట. తిత్తి ఎదగడానికి ఏళ్లు పడుతుందట.

కుక్కకు పచ్చి కార్జం ఎవరు వేశారని ఆయన మామూలుగానే అడిగాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, తోడు వచ్చిన ఖాదర్ చేతులు జేబుల్లో దాచుకున్నాడు. మేమే వేశాం సార్, తెలియక వేశాం అని సనావుల్లా ఇద్దరి తరఫునా జవాబు చెప్పాడు.

అంతటితో ఆగక తప్పంతా తన నెత్తినే వేసుకున్నాడు. కుక్కను ముట్టుకున్న చేతులతో నమాజుకు నిలబడినందుకే అల్లా శిక్ష వేశాడని, ఊళ్లో ఉన్న భార్య ఫాతిమున్నీసాకు ఫోన్లో చెప్పి ఏడ్చాడు. పక్కనే కూర్చుని ఆ మాట విన్న ఖాదర్‌కు సిగ్గుతో చచ్చినంత పనైంది. అయినా పశువుల డాక్టరు చెప్పిన సంగతి బయటపెట్టలేదు.

ఆపరేషన్ రోజు పొద్దున మంచం తోసుకుపోవడానికి నర్సులు వచ్చారు. సనావుల్లా ఖాదర్ చేయి పట్టుకున్నాడు. హజ్‌కు పోయేవాళ్లూ, ప్రాణం మీదికి వచ్చినవాళ్లూ అయినవాళ్లను అడిగే మాటే అడిగాడు.

“కహా సునా మాఫ్ చెయ్యన్నా. నా వల్ల నీకేమన్నా తప్పు జరిగింటే మనసులో పెట్టుకోవద్దు.”

‘మాఫ్ చేసినా’ అని బదులు చెప్పాలి, ఆచారం అంతే. ఖాదర్ నోట ఆ రెండు మాటలకు బదులు వేరే మాట వచ్చింది.

“తప్పు నాది సనావుల్లా,” అన్నాడు. “ఆ కార్జాలు పాతిపెట్టమని పశువుల డాక్టరు నాకు చెప్పినాడు, ఆరేండ్ల కింద. తవ్వేదానికి ఒళ్లొంగక మోతీకి ఏస్తా వచ్చినా.”

సనావుల్లా అతని మొహంలోకి చూశాడు. “ఆరేండ్లా?” అన్నాడు. తర్వాత చేయి వదిలేసి, చూపు పైకప్పు వైపు తిప్పుకున్నాడు. నర్సులు మంచం తోసుకుపోయారు.

ఆపరేషన్ బాగానే జరిగింది. తిత్తి పగలకుండా తీశామని డాక్టరు చెప్పాడు. సనావుల్లా కళ్లు తెరిచాడు, గంజి తాగాడు, ఫాతిమున్నీసాతో మాట్లాడాడు. ఖాదర్‌ను మాత్రం పిలవలేదు. తానుగా వెళ్లి మాఫీ అడగడానికి ఖాదర్‌కు మొహం చెల్లలేదు.

శుక్రవారం తోటలో గొర్రెను కోస్తే మళ్లీ బుడగల కార్జమే వచ్చింది. కడుపులోని పురుగులు పోవడానికి మందు మింగిన మోతీ తోక ఆడిస్తూ తన వాటా కోసం వచ్చి నిలబడింది. ఖాదర్ దాన్ని కట్టేసి, పార తీసుకుని, నడుం లోతు వచ్చేదాకా ఆగకుండా తవ్వాడు. కార్జాన్ని అందులో వేసి, మట్టి కప్పి, చెమట తుడుచుకుంటూ గడియారం చూశాడు.

పట్టుమని అరగంట కూడా కాలేదు.