కంచంలో నీళ్లు

అన్నం తినగానే భర్త కంచంలోనే చెయ్యి కడుక్కుంటాడు. ఆ నీళ్లలోకే పుక్కిలించి ఊసి, లేచిపోతాడు. తేలే మెతుకులు, నమిలి పడేసిన పిప్పి, పైన నూనె తెట్టు. ఆ కంచం ఎత్తేది ఆవిడే. కాపురానికొచ్చిన కొత్తలో ఓసారి ముక్కు చిట్లిస్తే అత్తగారు పట్టేసింది. "మొగుడి ఎంగిలికి అసహ్యమేంటే? పరాయివాడిదా?"

కూర ఎలా ఉందని అడిగితే భర్తది ఒకటే మాట. "వంక పెట్టలేదంటే బాగున్నట్టే కదా." పగలంతా ఆవిడ వండే ఆఫీసు క్యాంటీన్లోనూ అంతే. ఉప్పు తగ్గితే కబురొస్తుంది, కుదిరితే ఖాళీ పళ్లేలొస్తాయి. అందుకే వంటల పోటీ అనగానే పేరిచ్చింది. బహుమతి మీద ఆశ లేదు. తిన్నవాళ్లెవరైనా, అడగకుండా, ఒక్కసారి బాగుందనాలి. అంతే.

పోటీలో వంకాయ కూర పెట్టింది. జడ్జీగారు చెంచాడు నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని నాలుక మీదే అటూ ఇటూ తిప్పాడు. ఆవిడ బల్ల మీదే ఉన్న ఖాళీ గిన్నె అందుకుని అందులో ఊసేశాడు. మూతి తుడుచుకుని, "చాలా బాగుందమ్మా," అన్నాడు.

"మింగలేదేం సార్?"

"అందరివీ మింగితే నా కడుపేం కావాలమ్మా?"

కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసిన మాట ఉమ్మితో పాటు వచ్చింది.

మొదటి బహుమతి ఆవిడకే. మైకు పట్టుకున్న అమ్మాయి, "సంతృప్తిగా ఉందా మేడమ్?" అంది. ఆవిడ కళ్లు ఆ గిన్నె మీదే ఉన్నాయి. నురగలో వంకాయ గింజలు. వాంతికి ముందు ఊరే నీళ్లతో నోరు నిండి మాట రాలేదు. సంతోషం పట్టలేకపోతోందనుకుని జనం చప్పట్లు కొట్టారు. వేదిక దిగుతుంటే నిర్వాహకుడు పిలిచాడు. "అమ్మా, ఎవరి బల్ల మీది గిన్నెలు వాళ్లే కడగాలి." కప్పు చంకలో ఇరికించుకుని, ఆ గిన్నె కూడా కడిగింది.

ఇంటికొస్తే భర్త, "కప్పు సరే, కూరేమైనా మిగిల్చారా?" అన్నాడు. మిగిలింది తిన్నాడు. చెయ్యి కడిగాడు, పుక్కిలించాడు, ఊశాడు, లేచాడు.

ఆవిడ కంచం ఎత్తలేదు.

మర్నాడు ఆయన భోజనానికి కూర్చునేసరికి కంచం అక్కడే ఉంది. నీళ్లు సగం ఇంకి, అంచున మెతుకులు ఎండి, కంపు కొడుతోంది. అత్తగారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఆవిడ వేడివేడి అన్నం తెచ్చి అందులోనే వడ్డించింది.

"ఛీ, ఏంటే ఇది?" అన్నాడు భర్త.

"మీ ఎంగిలికి మీకే అసహ్యమేంటండీ? పరాయివాడిదా?"