కూర్చున్న కొలత

మా ఆయన టైలరు. మనిషిని నిలబెట్టి కొలత తీసుకోనిదే గుడ్డ మీద కత్తెర పెట్టడు. పాత చొక్కా తెచ్చి ఇదే కొలతకు కుట్టమన్నా ఒప్పుకోడు, మనిషి రావాల్సిందే అంటాడు. అలాంటివాడు నా కారు విషయంలో ఏం చేశాడో చెబుతాను.

నేను ఇళ్లకు వెళ్లి చూసే నర్సును. మంచం దిగలేనివాళ్లకు కట్లు మార్చడం, ఇంజెక్షన్లు చేయడం నా పని. ఇన్నాళ్లూ బస్సెక్కి, సంచి భుజాన వేసుకుని తిరిగాను. ఊరవతల కట్టిన కొత్త కాలనీలకు ఇప్పుడు ఒక నర్సు కావాలి. సొంతంగా కారు నడుపుకుంటూ వెళ్లగలిగినవాళ్లకే ఆ పని ఇస్తామని మా పెద్ద డాక్టరమ్మ తేల్చి చెప్పింది. అది దొరికితే నా ఉద్యోగం పర్మనెంటవుతుంది. లైసెన్సు ఉంది, కారే లేదు. అందుకని తక్కువ ధరలో వచ్చే చిన్న ఎలక్ట్రిక్ కారు కొనాలనుకున్నాం.

గుడ్డలు కత్తిరించే బల్ల మీద మా ఆయన సుద్దతో మూడు గళ్లు గీశాడు. బేస్, మిడ్, టాప్. కారు ఒకటే, హంగులు వేరు. బేస్‌లో చిన్న బ్యాటరీ, మామూలు చక్రాలు. మిడ్‌లో పెద్ద బ్యాటరీ, పెద్ద తెర, వెనక కెమెరా. టాప్‌లో ఇవన్నీ కాక పైన అద్దాల కప్పు. మా మరిది ఆ కప్పు దగ్గరే ఆగిపోయాడు.

"అన్నయ్యా, వెన్నెట్లో వెళ్తుంటే ఎలా ఉంటుందో ఊహించుకో."

"మీ వదిన వెళ్లేది పొద్దున పూట, పుళ్లు కడగడానికిరా" అన్నాడు మా ఆయన.

ఆలు లేదు చూలు లేదు అన్నట్టు, ఇంకా కొనని కారుకు సీటు కవర్లు ఏ రంగువి వేయాలా అని అన్నదమ్ములిద్దరూ వాదులాడుకున్నారు. చివరికి పిండికొద్దీ రొట్టె అనుకుని మిడ్ దగ్గర ఆగారు. నన్నడిగితే కదా!

"ఒకసారి నేను కూర్చుని చూడాలి కదండీ?" అన్నాను.

"నీ కొలతలు నాకు నోటికొచ్చు. మనిద్దరిదీ ఒకటే ఎత్తు. నాకు సరిపోతే నీకు సరిపోయినట్టే" అన్నాడు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

షోరూమ్‌లో మిడ్ కారును ఆయనే నడిపి చూశాడు. పక్కన మరిది కూర్చున్నాడు. వెనక నేనూ, కారు చూపించే అమ్మాయీ. చప్పుడు లేదు, కుదుపు లేదు, బాగుందని నేనూ అన్నాను. తిరిగొచ్చాక బుకింగ్ కాగితం మీద సంతకానికి పెన్ను తీశాడు. ఆగమని చెప్పి నేను డ్రైవరు సీట్లో కూర్చున్నాను.

స్టీరింగ్ పై అంచు కళ్లకు అడ్డొచ్చింది. ఎదురుగా నిలబడ్డ మరిది తల తప్ప ఏమీ కనబడలేదు. సీటు ముందుకు జరిపితే మోకాళ్లు స్టీరింగ్‌కు తగిలాయి. వెనక్కి జరిపితే అసలు రోడ్డే మాయమైంది.

"ఈ సీటు పైకి లేవదా అమ్మా?"

"సీటు లేపే మీట టాప్‌లోనే వస్తుంది మేడమ్."

"దిండేసుకో వదినా, సింహాసనంలా ఉంటుంది" అన్నాడు మరిది. మా ఆయన నవ్వాడు.

నాకు ఒళ్లు మండింది. మండటమే కాదు, ఏడుపూ వచ్చింది.

"రోజంతా ఈ సీట్లో ఉండాల్సింది నేను. మీ షాపుకొచ్చిన పరాయి మనిషినైనా నిలబెట్టి, చేతులు చాపించి కొలుస్తారే! నన్ను ఒక్కసారి కూర్చోబెట్టి చూడాలనిపించలేదా? ఇది నా కారా, మీ అన్నదమ్ముల కారా?"

నవ్వు ఆగిపోయింది. ఆయన తలుపు దగ్గరికొచ్చి, స్టీరింగ్‌కు ఆనిన నా మోకాళ్ల వైపు చూశాడు. తర్వాత నాలుక కరుచుకున్నాడు.

"నీ ప్యాంటు నాదానికన్నా నాలుగు వేళ్లు పొడుగు కుడతాను. ఎత్తేమో ఇద్దరిదీ ఒకటే. మరి ఆ నాలుగు వేళ్లూ నడుం పైన తగ్గాలి కదా! ఇన్నేళ్లూ నిలబెట్టే కొలిచాను. కూర్చుంటే నువ్వు నాకన్నా పొట్టి."

జేబులోంచి టేపు తీశాడు. నేల మీద మోకాళ్లూని, సీటు నుంచి నా కంటిదాకా, మోకాలి నుంచి పెడల్ దాకా కొలిచాడు. జనం చూస్తున్నారు. నాకు సిగ్గేసింది. సంతోషంగానూ ఉంది.

"సీటు ఇంతెత్తు లేవాలి. టాప్ కొనడం మావల్ల కాదమ్మా, ఇంకేదైనా దారుందా?" అని ఆ అమ్మాయిని అడిగాడు.

ఉంది. మిడ్‌కు ఆ వీలు లేదు కానీ, బేస్‌కు ఆ మీటను విడిగా అడిగి పెట్టించుకోవచ్చట, ఫ్యాక్టరీలోనే బిగించి పంపుతారట. కాకపోతే పెద్ద బ్యాటరీ ఉండదు, కెమెరా ఉండదు, రంగు తెలుపొక్కటే.

"కాలనీలన్నీ తిరిగొచ్చినా చిన్న బ్యాటరీలో ఇంకా ఛార్జి మిగులుతుంది. వెనక్కి చూడటానికి నాకు మెడ ఉంది" అన్నాను.

మరిది ఏదో అనబోయాడు. "నువ్వూరుకోరా, నడిపేది మీ వదిన" అన్నాడు మా ఆయన.

కారొచ్చింది. సీటు పైకి లేపితే బానెట్ చివరిదాకా కనబడింది. ఆ నెలలోనే కాలనీల పని నాకిచ్చారు.

ఆదివారాలు కారు ఆయన తీసుకెళ్తాడు. సీటు దించుకోకపోతే ఆయన తల కప్పుకు తగులుతుంది. మొదటి సోమవారం, మళ్లీ అంతా సర్దుకోవాలి కాబోలని విసుక్కుంటూ తలుపు తీశాను. సీటు నా ఎత్తులోనే ఉంది. పక్కనున్న నల్లటి ప్లాస్టిక్ మీద, సీటు అంచుకు సరిగ్గా, సుద్దతో ఒక గీత గీసి ఉంది.

తుడిస్తే పోయే గీత. కారు శుభ్రం చేసినప్పుడల్లా పోతుంది కూడా. ఆయన మళ్లీ గీస్తాడు. గీసేముందు నన్ను పిలిచి, కూర్చోబెట్టి చూస్తాడు.