వస్తానన్న మాట

మెకానిక్ కుట్టుమిషను కింద వెల్లకిలా పడుకుని, టార్చిలైటు పళ్ళ మధ్య కరుచుకుని బెల్టు ఎక్కిస్తుంటే అవతలి వరస నుంచి పిలుపు వచ్చింది.

"అన్నా, దారం తెగుతోంది."

"వస్తున్నా," అన్నాడు టార్చి తీయకుండానే. మాట ముద్దగా వచ్చినా ఆ బట్టల ఫ్యాక్టరీ షెడ్డులో అది అందరికీ అర్థమే. రోజూ ఎన్నిసార్లు అంటాడో లెక్కలేదు. అని వెళ్ళని రోజు మాత్రం లేదు. సన్నటి మనిషి. ప్యాంటు మోకాళ్ళ మీద ఎంత ఉతికినా పోని నల్లటి మరకలు. పొడుగు ముక్కున్న నూనెడబ్బా ఎప్పుడూ చేతిలోనే ఉంటుంది కాబట్టి, అక్కడ కుట్టే ఆడవాళ్ళు అతనికి నూనెడబ్బా అన్న అనే పేరు ఖాయం చేశారు.

ఇవాళ అతనికి అక్కడ ఆఖరి రోజు. షిఫ్టు వదలగానే విమానాశ్రయానికి తీసుకెళ్ళే వ్యాను గేటు దగ్గరికొస్తుంది. అది తెలిసి, మూలిగే మిషన్లన్నిటినీ ఇవాళే అతని నెత్తిన పెట్టారు.

"పోయేలోపు నాదీ చూసిపో అన్నా."

"నిన్న చెప్పొచ్చు కదమ్మా?"

"నిన్న బాగానే కుట్టింది. నువ్వు పోతున్నావని దానికివాళే తెలిసింది."

అసలు ఈ ప్రయాణమే ఒక తలనొప్పి. పరదేశంలో ఏదో బట్టల ఫ్యాక్టరీకి పనితనమున్న మెకానిక్కులు కావాలంటే సూపర్‌వైజరు ఇతని పేరు పంపాడు. ఇంటర్వ్యూ ఆ సూపర్‌వైజరు గదిలోనే, వీడియోలో. మిషను విప్పి బిగించి చూపించాడు. వాళ్ళు తలలూపి, మా దేశం రాగలవా అని ఇంగ్లీషులో అడిగారు. ఇంట్లో అడిగి చెబుతానందామని మాటలు కూడగట్టుకుంటుంటే, బయట ఎవరి సూదో విరిగి "అన్నా" అని కేక వినబడింది. గభాలున లేచాడు. మర్యాద తప్పకూడదని, ఎవరింటి నుంచి లేచినా చెప్పే మాటనే ఇంగ్లీషులోకి తిప్పి చెప్పాడు: నేను వస్తాను.

అవతల చప్పట్లు కొట్టారు.

వీసాల ఆఫీసులో అమ్మాయిదీ మన భాషే. అయినా ఫోన్లో ఎంత మొత్తుకున్నా ఎక్కలేదు.

"మీరే వస్తానన్నారు కదండీ."

"అది వస్తానని కాదమ్మా. వెళ్తానని."

"వెళ్తాననేగా సార్, మేమూ అంటున్నది?"

ఇది విని అతని భార్యకి నవ్వి నవ్వి పొలమారింది. మర్నాడు అన్నం వడ్డిస్తూ, "రెండో షెడ్డులో పని లేక మిషన్లకి గుడ్డలు కప్పేశారు. మనకీ ఎంతోకాలం పట్టదు. వెళ్ళు. ఏడాది తిరిగాక నన్నూ పిలిపించుకోవచ్చంటున్నారుగా," అంది. ఆ తర్వాత మళ్ళీ ఆ ఊసే ఎత్తలేదు. ఒక్కసారి వద్దంటే ఆగిపోదామని అతను కాచుకుని కూర్చున్నాడు. ఆవిడ అతని చొక్కాలన్నిటికీ గుండీలు బిగించి కుట్టింది గాని వద్దనలేదు.

ఆవిడ మిషను అదే షెడ్డులో, కిటికీ పక్కన. దానికెప్పుడూ ఏ రోగమూ రాదు. పొద్దున రాగానే అతను మొదటి చుక్క నూనె దానికే వేస్తాడు. అలాంటిది ఇవాళ ఆవిడా చెయ్యెత్తింది.

"కుట్టు జారుతోంది."

చూశాడు. జారడం లేదు. ఇంకాసేపటికి మళ్ళీ చెయ్యెత్తి, బాబిన్ గోల చేస్తోందంది. ఏ గోలా లేదు. భోజనాల తర్వాత మూడోసారి పిలిచేసరికి అతనికి ఒళ్ళు మండింది.

"ముత్యాల్లా పడుతుంటే కుట్టు, ఏమొచ్చింది దీనికి? అవతల అందరూ నా ప్రాణం తీస్తున్నారు, నువ్వూ తోడయ్యావా?"

"కుదరకపోతే మానెయ్యండి మెకానిక్ గారూ," అంది తలెత్తకుండా. పక్కావిడ నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుంది.

విసుక్కుంటూ కింద దూరి రేకు విప్పాడు. లోపల అంతా శుభ్రంగానే ఉంది. పైకి చూస్తే, సూది కింద ఉన్నది ఆవిడ కుట్టాల్సిన చొక్కా కాదు. ఒక పనికిరాని గుడ్డముక్క. దాని మీద పొద్దుట్నుంచీ ఒకే చోట వేసిన కుట్లు, వరసల మీద వరసలు.

అతను ఇక విసుక్కోలేదు. బిగిసి ఉన్న మరమేకునే వదులు చేసి మళ్ళీ బిగించాడు. అటుగా వచ్చిన సూపర్‌వైజరు ఒక క్షణం ఆగి, "దాన్ని నిదానంగా చూడు, తొందరేం లేదు," అని మొహం తిప్పుకుని వెళ్ళిపోయాడు.

"ఒక్క మాట చెప్పు. ఆగిపోతా," అన్నాడు కింద నుంచే.

ఆవిడ పెడల్ మీంచి పాదం తీసేసింది.

"పిలిస్తే వెళ్ళకుండా ఎప్పుడున్నావు? వాళ్ళూ పిలిచారు." "నేనూ పిలిచి చూశాను. తిట్టుకుంటూ అయినా పిలిచినప్పుడల్లా వచ్చావు. చాలు," అంది.

సాయంత్రం వ్యాను హారన్ కొట్టింది. అందరూ గేటు దాకా వచ్చారు. పెట్టె ఎక్కించాక ఆవిడ దగ్గరికొచ్చి, "వాళ్ళకి చెప్పావుగా. నాకు చెప్పలేదు," అంది.

"వస్తాను," అన్నాడు.

ఏ అర్థంతో అన్నాడని ఆవిడ అడగలేదు. వ్యాను మలుపు తిరిగాక, టిఫిను డబ్బా కోసం షెడ్డులోకి వెళ్ళింది. ఆవిడ మిషను పక్కన, ఆ కుట్ల గుడ్డముక్క మడత పెట్టి, దాని మీద నూనెడబ్బా పెట్టి ఉంది. పొడుగు ముక్కు చివర ఒక చుక్క, పడనా వద్దా అన్నట్టు, ఇంకా వేలాడుతూనే ఉంది.