రెండో రెక్క

చేయవలసిన పనులు కాగితం మీద రాసుకున్నాను. పలకలు ఒకే పొడవుకు కోయాలి. అంచులు చిత్రిక పట్టాలి. పైనా కిందా అడ్డబద్దెలు బిగించాలి. వాటి మధ్య మూల నుంచి మూలకు ఏటవాలు బద్దె. రెండో రెక్క మొదలుపెట్టే ముందు మామయ్యను పిలవాలి.

మామయ్య మా అమ్మకు తమ్ముడు. నలభై ఏళ్లు వడ్రంగం చేశాడు. చేతులు వణకడం మొదలయ్యాక రంపం పక్కన పెట్టేశాడు. పనిముట్లుండే కొట్టుకు రెండు రెక్కల తలుపు నా చేత చేయించాలని ఆయన కోరిక. తన పని ఒక్కరికైనా నేర్పి పోవాలని.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేను. "కలం పట్టిన చేతికి ఉలి లొంగుతుందా?" అంది అత్తయ్య.

"నీ నోటికి భయపడైనా లొంగుతుందిలే," అన్నాడు మామయ్య.

మొదటి రెక్క ఆయన పక్కన కూర్చుని చెబుతుంటే చేశాను. మూడు ఆదివారాలు పట్టింది. ఏటవాలు బద్దె దగ్గర మాత్రం చెయ్యి పట్టుకుని ఆపాడు. "దీని కాలు కింద, గోడవైపు బిగించే బందుల దగ్గర ఉండాలి కోడలా. బరువంతా దాని మీదుగా గోడకు దిగుతుంది." తలూపాను. రాసుకున్నాను కూడా.

నాలుగో ఆదివారం ఆయన్ని పిలవలేదు. ఒక్కదాన్నే చేసి చూపిస్తే మెచ్చుకుంటాడనుకున్నాను. మొదటి రెక్కను ముందు పరుచుకుని, రెండోది అచ్చం అలాగే దించాను. చిన్నప్పటి నుంచీ నేను మార్కులు తెచ్చుకున్నది అలాగే. వెంట్రుకవాసి తేడా లేదు. కానీ రెండో రెక్కకు బందులు అవతలి వైపు వస్తాయి, బద్దె అద్దంలో బొమ్మలా తిరగాలి. నాకది తట్టలేదు.

మామయ్య వచ్చి చేత్తో తడిమి చూశాడు. "బద్దె ఎదురు తిరిగింది. విప్పుదాం, గంట పని."

"రెండూ ఒకేలా ఉన్నాయిగా మామయ్యా."

"అదేనమ్మా తప్పు."

నెల రోజుల అలసట నోటిదాకా వచ్చింది. "చేతులాడనివాళ్లకు మాటలెక్కువ," అనేశాను.

అత్తయ్య ఊడుస్తున్నదల్లా ఆగిపోయింది. మామయ్య కాసేపు తన వేళ్లు చూసుకున్నాడు. "సరే, గుమ్మానికి బిగించు," అన్నాడు. నేను మరలు తిప్పుతున్నంతసేపూ రెక్క జారకుండా భుజం ఆన్చి నిలబడ్డాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. క్షమించమని నేనూ అడగలేదు. రేపడుగుదాం, ఎల్లుండి అడుగుదాం అనుకున్నాను.

వానలు మొదలవకముందే ఆయన పోయాడు.

వానలకు చెక్క నీరు తాగి రెండో రెక్క కిందికి వాలింది. తెరిచినప్పుడల్లా గచ్చును గీరేది. మొదటిది చెక్కుచెదరలేదు. ఒకరోజు మరలు విప్పి, బద్దె తిరగేసి బిగించాను. గంట కూడా పట్టలేదు.

అత్తయ్య గడప మీద కూర్చుని చూస్తోంది. "ఆరోజు నువ్వెళ్లాక ఏమన్నాడో తెలుసా? కోత మాత్రం నాకంటే సూటిగా కోసిందే అన్నాడు."

నేను రెక్క ఒకసారి మూసి తెరిచాను. గచ్చును గీరలేదు.

మీరెప్పుడైనా రెండు రెక్కల తలుపు చేస్తే, రెండో బద్దె బిగించబోయే ముందు ఒక్క నిమిషం ఆగి, మా మామయ్యను తలుచుకోండి.