నాలుగో చరణంలో పేరు

సోమవారం మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు ఉమ్ ఖలఫ్ చేతులకున్న నీలిమందు కడుక్కుంటోంది. పొద్దున ఎగువ వీధిలో ఒక ముసలాయన పోయాడు. చావింట్లో ఏడ్చే ఆడవాళ్లు చేతులకూ మొహానికీ నీలిమందు పూసుకోవడం కుర్నా ఊరి ఆచారం. వాళ్లందరికీ పెద్ద ఉమ్ ఖలఫ్. ఆ మాటకు ఖలఫ్ తల్లి అని అర్థం. ఆమె సొంత పేరు ఊళ్లో ఇద్దరు ముగ్గురికి తప్ప గుర్తులేదు.

ఆమె ఏడవనిదే కుర్నాలో పాడె కదలదు. ఆ పొద్దున ఆమె రావడం ఆలస్యమైంది. ఆరుగురు మగాళ్లు పాడె ఎత్తబోయి, అది లేవకపోయేసరికి వదిలేసి, నీడన కూర్చుని టీ తాగారు. ఆమె వచ్చి మూడు చరణాలు ఏడ్చింది. నాలుగో చరణంలో పోయినవాణ్ని పేరు పెట్టి పిలిచింది. పాడె తేలికైంది. మోసుకుపోయారు.

ఆమె ఏడవనిది ఒక్కడికే. పదహారేళ్ల కిందట, పెద్ద యుద్ధంలో తెల్లదొరల సైన్యానికి మట్టిపని చెయ్యడానికి ఊరి కుర్రాళ్లను నడుములకు తాడు కట్టి తీసుకుపోయారు. పద్నాలుగు మంది వెళ్లారు. తొమ్మిది మంది తిరిగొచ్చారు. నలుగురి చావు కబురు వచ్చింది. ఖలఫ్ గురించి ఏదీ రాలేదు.

"కబురు లేనివాడికి ఏడుపు లేదు" అంది తల్లి. రోజూ పిండిముద్దల్ని ఎండలో పొంగబెట్టి మూడు రొట్టెలు కాలుస్తుంది. మూడోది కొడుక్కని గూట్లో పెడుతుంది. మర్నాడు దాన్ని కోడలు వహీబా నీళ్లలో నానబెట్టుకుని తింటుంది. పెళ్లినాటికి వహీబాకు పదిహేడేళ్లు. మొగుడితో కాపరం చేసింది రెండు నెలలు. అతని ఎండు రొట్టె తింటున్నది పదహారేళ్లు.

రేవులో పడవ నడిపే బుగ్దాదీకి పెళ్లాం పోయింది. అతను వహీబాను అడిగాడు. నది అవతల లక్సర్‌లో ఖాజీ కాగితం మీద ముద్ర కూడా వేసి ఇచ్చాడు, ఖలఫ్ చనిపోయినట్టే లెక్క అని. కుర్నాకు ముద్రలతో పనిలేదు. ఏడుపు పడనివాడు బతికున్నట్టే. బతికున్నవాడి పెళ్లాన్ని ఇంకొకడు చేసుకుంటే ఆ విందుకు ఎవరూ రారు. అస్వాన్‌లో ఉన్న అన్న బుగ్దాదీని రమ్మంటున్నాడు. వరద తీశాక పడవ తీసుకుని వెళ్లిపోతానన్నాడు బుగ్దాదీ. వరద తీయడానికి మూడు వారాలుంది. ఈ మాట అత్తతో ఎలా అనాలో వహీబాకు తెలియలేదు. అనలేదు.

లక్సర్‌లో యోర్గి అనే గ్రీకు ఆయన పాత ధాన్యం గోదాములో సినిమాలు ఆడిస్తాడు. పరదేశి కాబట్టి అందరూ అతన్ని ఖవాజా అంటారు. సోమవారం మూడున్నర ఆట ఆడవాళ్లకే. ఆ వారం బొమ్మలో, వేల ఏళ్ల నాటి శవం ఒకటి పెట్టెలోంచి లేచి నడుస్తుందట. కుర్నా ఇళ్లన్నీ అలాంటి పాతకాలపు సమాధుల మీదే ఉన్నాయి కాబట్టి ఎవరికీ భయం వెయ్యలేదు. వచ్చిన అనుమానమల్లా, ఆ లేచినవాడు ఎవరింటి కిందివాడా అని.

"మా మామ తవ్వి దొరలకు అమ్మినవాడే అయ్యుంటాడు" అంది సినిమాకు వెళ్లే పడవలో పొరుగింటి సకీనా.

"మీ మామ అమ్మినవాడికి కుడికాలు లేదు కదే! వీడు నడుస్తాడట" అంది ఇంకొకామె.

"బొమ్మ తీసిన అమెరికా వాళ్లు కాలు పెట్టించారేమో, నీకేం తెలుసు."

అందరూ నవ్వారు. ఉమ్ ఖలఫ్ ఒళ్లో గుడ్డ మూట ఉంది. అందులో మూడో రొట్టె.

"అదెందుకత్తా?" అంది వహీబా.

"ఇంట్లో ఎవరూ లేరు. వదిలేస్తే కుక్క తింటుంది."

తెడ్డు వేస్తున్న బుగ్దాదీ వహీబా వైపు చూడకుండా, "భయమేస్తే కళ్లు మూసుకో ఉమ్ ఖలఫ్" అన్నాడు.

"నాకెందుకురా భయం? నన్ను చూసి చచ్చినవాళ్లు భయపడాలి గానీ."

హాల్లో ఆడవాళ్లు కొరుకుతున్న పుచ్చగింజల చప్పుడు. వెనక గదిలో మిషను తిప్పుతూ, తెర పక్కన పడే అరబీ రాతల్ని యోర్గి గట్టిగా చదివి చెబుతున్నాడు. తెరమీద దొరలు చుట్టూ నిలబడి ఉండగా ఒకడు పెట్టె మూత తీశాడు. లోపల ఒంటినిండా గుడ్డ చుట్టిన మనిషి. "ఇతన్ని ప్రాణముండగానే పాతిపెట్టారు. ఎవరూ ఏడవలేదు. ఎక్కడ పాతారో ఇంటివాళ్లకు చెప్పలేదు" అని చదివాడు యోర్గి.

పుచ్చగింజల చప్పుడు ఆగింది.

గుడ్డల మనిషి కళ్లు తెరిచాడు. ఒక చెయ్యి కదిలింది. లేచి నిలబడ్డాడు. ఎటు వెళ్లాలో తెలియనివాడిలా అటూ ఇటూ చూశాడు.

ఉమ్ ఖలఫ్ కూడా లేచింది. "పాపం, వాణ్ని ఎవరూ ఏడ్చి పంపలేదే" అని తెర దగ్గరికి నడిచింది.

"అమ్మా, కూర్చో! నీడ పడుతోంది!" అని యోర్గి అరిచాడు.

"నువ్వుండవయ్యా ఖవాజా."

ఆమె తలగుడ్డ విప్పి రెండు చేతులా పట్టుకుంది. ఎత్తైన గుమ్మం కట్టుకున్నవాడా, ఆ గుమ్మానికి తల ఎవరు వంచారురా అని మొదటి చరణం ఎత్తుకుంది. నీ ఒంటికి నీళ్లు ఎవరు కాచారురా అని రెండోది. నీ పక్కన మట్టి ఎవరు సర్దారురా అని మూడోది. ఆడవాళ్లు వంత కలిపారు. గుడ్డల మనిషి కదలడం మానేసి వింటున్నాడు. అతని చుట్టూ ఉన్న దొరలు టోపీలు తీశారు.

నాలుగో చరణంలో పేరు రావాలి. ఎత్తుకున్న ఏడుపు మధ్యలో ఆపకూడదు.

"ఖవాజా, వాడి పేరేంటి?" అని సకీనా వెనక్కి తిరిగి అరిచింది.

"ఇంకా రాలేదు! తర్వాత వస్తుంది!"

వంత పాడేవాళ్లు మూడో చరణాన్నే రెండుసార్లు తిప్పారు. ఉమ్ ఖలఫ్ తెరకేసి చూస్తూ నిలబడింది. నీలిమందు పూర్తిగా వదలని చేతులు తెల్లటి వెలుతుర్లో నల్లగా ఉన్నాయి. మూడోసారి తిప్పబోతుండగా ఆమె నోరు తెరిచింది.

"ఖలఫ్" అంది.

వంత వహీబా ఒక్కతే అందుకుంది.

గుడ్డల మనిషి వెనక్కి అడుగు వేసి, పెట్టెలోకి దిగి, పడుకుని కళ్లు మూసుకున్నాడు.

"అమ్మా, వాడు లేవాలి! ఇంకా గంట బొమ్మ ఉంది!" అన్నాడు యోర్గి. తర్వాత అతనే మిషను ఆపాడు.

ఉమ్ ఖలఫ్ మూట విప్పి రొట్టెను తెర కింద పెట్టింది. సమాధి దగ్గర పెట్టినట్టే పెట్టి, తిరిగి చూడకుండా బయటికి వచ్చింది. సాయంత్రం హాలు ఊడ్చినప్పుడు అక్కడ రొట్టె లేదు.

తిరుగు పడవ ఒడ్డుకు చేరాక ఉమ్ ఖలఫ్ బుగ్దాదీతో, "రేవులో మాటలు నాకూ వినబడతాయి. వరద తీసేదాకా ఎందుకు? శుక్రవారం వచ్చి మాట్లాడు" అంది. మర్నాడు పొద్దున రెండే రొట్టెలు కాల్చింది. వహీబా గూడు దగ్గరికి వెళ్లి, ఖాళీగా ఉన్న ఆ గూట్లో చెయ్యి పెట్టి చూసింది. తర్వాత వెళ్లి వేడి రొట్టె తింది.

శుక్రవారం మాట్లాడుకున్నారు. ఆ పై గురువారం పెళ్లయింది. విందుకు ఊరంతా వచ్చింది.

పెళ్లయిన నాలుగో రోజున యోర్గి రేవుకు వచ్చి చెప్పాడు. ఆ బొమ్మ రీళ్లు కెనా పట్నానికి వెళ్లాయి. అక్కడా గుడ్డల మనిషి లేవలేదు. పెట్టెలో అతని పక్కన ఎండలో పొంగిన రొట్టె ఒకటి కనబడుతోందట. ఒక అంచున కొరికి ఉందట.