ఏడో మిడతకు ముందుమాట

ఆదివారం పొద్దున పది కొట్టిందంటే చాలు, ఆపరేటర్ రిపేరు షాపులో మిడత ఎగరడం మొదలవుతుంది.

మిడత అంటే గడ్డిలో గంతులేసే మిడత కాదు, గూఢచారి మిడత. పంతొమ్మిది సినిమాలు, ముగ్గురు హీరోలు, లెక్కలేనన్ని దొంగ మీసాలు. ఆ సినిమాలకు పేర్లున్నాయి కానీ ఈ షాపులో ఎవరూ వాటిని పేర్లతో పిలవరు. నాలుగోది, పదకొండోది అంటారు, పెద్ద కుటుంబంలో పిల్లల్ని వరసపెట్టి చెప్పినట్టు. ఏది గొప్పదనే తగువు మొదలైతే మాత్రం ఎవరు పట్టిన కుందేలుకైనా మూడే కాళ్ళు.

షాపు యజమాని ఒకప్పుడు ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క సినిమా హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటరు. హాలు మూతపడ్డాక ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేసుకుంటున్నాడు. పని మారినా పిలుపు మారలేదు. ఆయన బావమరిది టైలరు. పక్క షాపే. కొలతల టేపు మెడలోంచి తియ్యకుండానే వచ్చి కూర్చుంటాడు. మూడో మనిషి లెక్కల మాస్టారు. రిటైరై ఆరేళ్ళయినా ఎదుటివాడు మాట్లాడుతుంటే తప్పు ఎక్కడ పడుతుందా అని చూసే అలవాటు పోలేదు.

"ఎన్ని చెప్పండి, పన్నెండోదే," అన్నాడు ఆ ఆదివారం టైలరు. "మేడ మీంచి దూకితే కోటుకి ఒక్క మడత పడలేదు. అదీ సినిమా అంటే!"

"నువ్వు వెళ్ళేది సినిమా చూడ్డానికా, బట్టలు చూడ్డానికా?" అన్నారు మాస్టారు.

"బట్టల్లోనే ఉంటుంది మాస్టారూ మనిషి. మూడో హీరోని చూడండి. తుపాకీ ఎత్తితే చంక దగ్గర్నుంచి కోటంతా పైకి లేస్తుంది. చంక సరిచేసుకోలేనివాడు దేశాన్నేం కాపాడతాడు?"

"పన్నెండోది కోటుకి గొప్ప. ఏడోది మనిషికి గొప్ప."

ఏడోది అనగానే ఆపరేటర్ తలవంచుకుని, ఎప్పుడో బిగించేసిన ఫ్యాను స్క్రూని మళ్ళీ బిగించడం మొదలుపెట్టాడు. ముప్పై ఏళ్ళుగా అంతే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఆయనకు రివాజు.

ఏడో మిడత గురించి మాస్టారి వాదన ఊరందరికీ కంఠతా వచ్చు. సినిమా సగంలో నల్లకళ్ళద్దాల అమ్మాయి ఒకతె వంతెన మీద మిడతని కాల్చేస్తుంది. అతను నదిలో పడిపోతాడు. ఆమె ఎవరో, ఎందుకు కాల్చిందో చెప్పరు. మరుసటి సీన్లో అదే మిడత అదే అమ్మాయితో హోటల్లో కూర్చుని కాఫీ తాగుతుంటాడు. ఆ పైన ఎప్పుడో సెకండాఫ్‌లో ఇద్దరూ రైల్లో ఎదురెదురుగా కూర్చుంటారు. "మనం ఇంతకుముందు ఎక్కడైనా కలిశామా?" అంటాడు మిడత. "కలిస్తే గుర్తుండేది," అంటుంది ఆమె. ఆ వెంటనే మిడత తడిబట్టలతో నదిలోంచి గట్టెక్కుతాడు. మళ్ళీ పుట్టినట్టు!

"కాల్చిన మనిషిని కొత్త మనిషిలా పలకరించాడయ్యా," అంటారు మాస్టారు. "క్షమించడమంటే అదీ. మర్చిపోయేంతగా క్షమించడం."

ఆయన ఊరికే అనలేదు, చేసి చూపించారు. ఆ సినిమా వచ్చినప్పుడు మాస్టారి భార్య అలిగి పుట్టింటికి వెళ్ళి మూడు నెలలైంది. మాస్టారు సెకండ్ షో చూశారు, తెల్లారి బస్సెక్కారు, అత్తగారింటి గుమ్మంలో నిలబడ్డారు. తలుపు తీసిన భార్యతో, "మనం ఇంతకుముందు ఎక్కడైనా కలిశామా?" అన్నారు. ఆవిడ ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత పడీపడీ నవ్వి, లోపలికి రమ్మంది. సాయంత్రం బస్సుకి ఇద్దరూ కలిసి వచ్చేశారు.

ఇంత గొప్ప సినిమా ప్రపంచంలో ఇంకెక్కడా నాలుగైదు రోజులకు మించి ఆడలేదు. ఈ ఊళ్ళో మాత్రం యాభై రోజులు! మిడత అభిమానులు ఇంటర్నెట్‌లో ఏ జాబితా వేసినా ఏడోది అట్టడుగునే ఉంటుంది. మాస్టారు రోజూ ఫోనులో వాళ్ళతో కుస్తీ పడతారు. వంతెన సీను అంత ముందు రాదని వాళ్ళంటే, మీరు చూసింది కోసేసిన కాపీ అని ఈయనంటారు. ఒకసారి ఎవరో సినిమా పంపిస్తే, రైలు సీను ముందే వచ్చేసేసరికి, "కసాయివాళ్ళు! సినిమాని ముక్కలు చేసి ఎలాపడితే అలా అతికించారు," అని మధ్యలోనే ఆపేశారు.

"ఇవాళ్టితో వాళ్ళ నోళ్ళు మూతలు పడాలి," అంటూ మాస్టారు సంచీలోంచి కాగితాల కట్ట తీసి బల్ల మీద పెట్టారు. ఏడో మిడత మీద పుస్తకం, ముప్పై ఏళ్ళ రాత. నూట అరవై పేజీలు, ప్రెస్సు నుంచి వచ్చిన ప్రూఫులు. "ముందుమాట నువ్వు రాయాలి, ఆపరేటరూ."

ఆపరేటర్ స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు. "నేనా? నాకేం రాతొచ్చండీ?"

"రాత నాకొచ్చు. నువ్వు సాక్షివి. ఆ సినిమాని రెండొందల ఆటలు వేసిన మనిషివి. 'నేను నా చేతులతో వేసిన సినిమా ఇదే, ఈ వరసే' అని నాలుగు ముక్కలు రాసి సంతకం పెట్టు. బుధవారం ప్రెస్సుకి ఇచ్చెయ్యాలి."

"పెట్టెయ్ బావా, నీ సంతకానికింత గౌరవం ఎప్పుడొచ్చింది?" అన్నాడు టైలరు.

దొంగకు తేలు కుట్టినట్టయింది ఆపరేటర్‌కి. అరవడానికి లేదు, ఓర్చుకోడానికీ లేదు.

ఎందుకంటే నిజమేమిటో ఈ భూమ్మీద ఆయనొక్కడికే తెలుసు. ఏడోది విడుదలైన రోజు రీళ్ళ పెట్టె బస్సులో ఆలస్యంగా వచ్చింది. ఆటకు ఇరవై నిమిషాలుంది, బయట జనం గేటు ఊపేస్తున్నారు. రీళ్ళ డబ్బాలు గుండ్రంగా ఉంటాయి, మూత మీద పెయింటుతో నంబరు వేస్తారు. ఆరు, తొమ్మిది తారుమారు కాకుండా కింద గీత గియ్యడం ఆనవాయితీ. ఆ గీత గియ్యాల్సినవాడెవడో గియ్యలేదు. ఫిల్ము మొదట్లో నంబరు చూసుకోవాల్సిన ఆపరేటర్ చూసుకోలేదు. ఆరో రీలు రావాల్సిన చోట తొమ్మిదోది, తొమ్మిది రావాల్సిన చోట ఆరోది పడింది. అసలు కథలో రైల్లో కలవడం ముందు, హోటల్లో కాఫీ తర్వాత, కాల్చడం ఆ తర్వాత. అంతే. అందులో క్షమా లేదు, పునర్జన్మా లేదు.

ఆట అయ్యాక చూసుకుని, ఉద్యోగం ఊడిందనుకున్నాడు. తీరా మ్యాట్నీకి ప్రొజెక్టర్ గది కన్నంలోంచి చూస్తే పొద్దున వచ్చినవాళ్ళే సగం మంది మళ్ళీ వచ్చి కూర్చున్నారు. అర్థం కాలేదని కొందరు, అర్థమైందని కొందరు. మరునాడు తెల్లవారాక ఖాళీ హాల్లో సరైన వరసలో వేసి చూసుకున్నాడు. చప్పగా, పథ్యం కూడులా ఉంది. డబ్బాల మీద తనే గీతలు గీశాడు, తప్పు వైపు. యాభై రోజులూ అలాగే వేశాడు.

ఇప్పుడు సంతకం పెడితే మాస్టారు ముద్దాయిలా లోకం ముందు నిలబడతారు. ఎవడో ఒకడు అసలు ప్రింటు తీస్తాడు, అందరూ నవ్వుతారు. పెట్టకపోతే ఎందుకని అడుగుతారు, చెప్పాలి. చెప్తే ఆదివారాలు పోతాయి. ఆ మనిషి ముప్పై ఏళ్ళ రాత, గుమ్మంలో నిలబడి అడిగిన ఆ మాట, అన్నీ ఒక పెయింటు గీత పాలవుతాయి. ఆపరేటర్‌కి మాస్టారంటే ప్రాణం. అదే అసలు చిక్కు.

సోమవారం బావమరిది దగ్గర కొంచెం ఆరా తీశాడు.

"ఒరేయ్, మాటవరసకి అడుగుతున్నా. ఎక్కడైనా ఆపరేటరు రీళ్ళు తారుమారుగా వేశాడనుకో..."

"వాణ్ణి ఆ తెరలోనే చుట్టి, నాలుగు పక్కలా కుట్టేస్తాను," అన్నాడు టైలరు, కత్తెర ఆపకుండా. "ఎవడు బావా వాడు?"

"ఎవడో. పక్కూరు."

"పక్కూళ్ళో అంతే. మన ఊరి టేస్టే వేరు."

మంగళవారమంతా తెల్లకాగితం ముందు కూర్చున్నాడు. 'నేను నా చేతులతో' వరకూ రాశాడు. అది నిజమే. ఆ తర్వాత కలం కదలలేదు.

బుధవారం పొద్దున్నే ప్రూఫుల కట్ట చంకలో పెట్టుకుని మాస్టారింటికి వెళ్ళాడు. మాస్టారి భార్య తలుపు తీసింది. ఆపరేటర్ ఆవిణ్ణి అక్కయ్యా అని పిలుస్తాడు.

"రా తమ్ముడూ. ఆయన గడ్డం చేసుకుంటున్నారు. సంతకం పెట్టావా?"

"లేదక్కయ్యా." కూర్చోకుండానే, ఎక్కడ ధైర్యం జారిపోతుందోనని, గడగడా చెప్పేశాడు. పెట్టె, బస్సు, ఆరు, తొమ్మిది, తప్పు వైపు గీసిన గీతలు. "మీ ఇద్దరూ కలిసింది ఆ మాటతోనే. నా మూలంగా అదీ అబద్ధమైపోయింది. ఎలా చెప్పను ఆయనకి?"

ఆవిడ గోడకి చేరబడిపోయింది. ఏడుస్తోందేమోనని భయపడ్డాడు. నవ్వుతోంది.

"ముప్పై ఏళ్ళు!" అంది కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. "ముప్పై ఏళ్ళ నుంచి ఈయన హాల్లో నిద్రపోయి కలగన్నారనుకుంటున్నాను తమ్ముడూ."

"అంటే?"

"నేనూ చూశాను ఆ సినిమా. మా పుట్టింటి ఊళ్ళో. నాకు మనసు బాగోలేదని మా చెల్లెలు లాక్కెళ్ళింది. ఇంకా పాడైంది. మీ ఊళ్ళో యాభై రోజులేమో, మా ఊళ్ళో నాలుగో రోజు ఎత్తేశారు. ఇంటికొచ్చాక ఈయన కథ చెప్తుంటే నేను చూసిన సినిమాయేనా అనుకున్నాను. మనిషి సంతోషంగా ఉన్నాడు, ఎందుకులే అని ఊరుకున్నాను."

"మరి... ఆ రోజు గుమ్మంలో..."

"అదీ అడగాల్సిన ప్రశ్న," అన్న గొంతు లోపల్నుంచి వచ్చింది.

మాస్టారు వసారా గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఒక చెంప నున్నగా ఉంది, ఇంకో చెంప నిండా సబ్బు నురగ. ఎంతసేపటి నుంచి నిలబడ్డారో గానీ నురగ ఎండిపోవస్తోంది. ఆపరేటర్ కుర్చీలో కూలబడ్డాడు.

మాస్టారు ఆయన వైపు చూడలేదు. భార్యనే చూస్తున్నారు.

"ఆ మాట నీకు... రైల్లో అమ్మాయిల్ని పలకరించే చవక మాటగానే తెలుసన్నమాట."

"ఆ. మా చెల్లెలైతే ఈలవేసి ఎగతాళి చేసింది దానికి."

"మరెందుకు నవ్వావు? నేను... నేను ఆ నవ్వు మీద ఒక అధ్యాయం రాశాను."

ఆవిడ నవ్వు ఆపింది.

"నాతో ఒక్క మంచిమాట అనడం రాని మనిషి. లెక్కలు తప్ప ఏదీ నోటెంట రాదు. అలాంటి మనిషి ఒక చెత్త సినిమాలో డైలాగు బట్టీపట్టి, నాలుగు గంటలు బస్సులో కూర్చుని, చెమటలు కక్కుకుంటూ మా గుమ్మంలో నిలబడి అప్పజెప్పాడు. పాఠం అప్పజెప్పే పిల్లాడిలాగ. నవ్వక ఏం చెయ్యను? ఆ నవ్వుతో కోపమంతా పోయింది."

మాస్టారు వచ్చి కట్ట అందుకున్నారు. విసిరికొడతారనుకుని ఆపరేటర్ కళ్ళు మూసుకున్నాడు. కాగితం తిప్పిన చప్పుడైంది.

"ఏ రీలు స్థానంలో ఏది వేశావు?"

"ఆరు స్థానంలో తొమ్మిది. తొమ్మిది స్థానంలో ఆరు, మాస్టారూ."

"యాభై రోజులూ?"

"యాభై రోజులూ. మొదటి ఆట పొరపాటు. మిగతావన్నీ... అలాగే బాగుందండీ. సరైన వరసలో వేసి చూశాను. నాకు మనసొప్పలేదు."

"ఇదే రాయి ముందుమాటలో. ఒక్క అక్షరం దాచావో, ఊరుకోను." మాస్టారు జేబులోంచి ఎర్రకలం తీశారు. "నీ మీద కోపం లేదనుకోకు. ఉంది. రెండు ఆదివారాలు నీతో మాట్లాడను. షాపుకి వస్తాను గానీ మాట్లాడను."

ఆపరేటర్‌కి ఏడుపొకటే తక్కువ. తలూపాడు.

కట్టలో మొదటి పేజీ మీద పెద్ద అక్షరాల్లో అంకితం ఉంది: ఏడో మిడత తీసిన ఆ అజ్ఞాత మేధావికి. మాస్టారు దాని మీద అడ్డంగా ఒక గీత కొట్టి, కలం పట్టుకుని నిలబడిపోయారు.

"ఇప్పుడిది ఎవరికివ్వాలి? తీసినవాడికి ఇవ్వడానికి లేదు. వీడికిద్దామంటే గర్వం తలకెక్కుతుంది."

"నాకివ్వండి," అంది ఆవిడ. "ఆ సినిమాని సరైన వరసలో చూసి కూడా మీకు తలుపు తీసిందాన్ని."

మాస్టారు నురగ చెంప మీద చెయ్యి పెట్టుకుని ఆవిణ్ణి చూస్తూ ఉండిపోయారు. తర్వాత బల్ల దగ్గర కూర్చుని, కొట్టేసిన గీత కింద ఆవిడ పేరు రాసుకున్నారు.