ముడుపు కట్టిన ఇంజను

నేను ఒక తెల్ల అంబాసిడర్ని. తెల్ల అన్నది పుట్టినప్పటి మాటలెండి. కొన్నాళ్లు ఒక ఇంజనీరు గారి దగ్గర కిటికీ తెరల వైభవం చూశాను, తర్వాత ఒక కాంట్రాక్టరు సిమెంటు బస్తాలు మోశాను, చివరికి నర్సీపట్నంలో సన్యాసిరావు చేతిలో పడ్డాను. పేరుకే సన్యాసి. నా మీద అతని మమకారం చూస్తే ఆ పేరు పెట్టినవాళ్లు సిగ్గుపడాలి. నన్ను తుడిచే గుడ్డతో ఇంకేదీ తుడవనివ్వడు.

చింతపల్లి ఘాటు మీదికి జనాన్ని చేరవేయడం అతని పని. మహా జోరు మనిషి. ఒకసారి మలుపులో లారీని దాటబోయి నన్ను లోయ అంచుదాకా తీసుకెళ్లాడు. ఆ సంగతి విన్న రోజు అతని భార్య వరహాలు అన్నం ముట్టలేదు.

ఆ తర్వాత నా పెట్రోలు ఇంజను చేతులెత్తేసింది. మెకానిక్ జిలానీ ఒక పాత వ్యానులోంచి తీసిన డీజిలు ఇంజను నాకు అమర్చాడు. పూజ చేసి కొబ్బరికాయ కొట్టాక, ఇందులో బండిని ఉరికించేది ఏదని వరహాలు అడిగింది. సన్యాసిరావు గొప్పగా యాక్సిలరేటర్ తీగ లాగే ఇనప మీటను చూపించాడు. ఆమె పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల మూటగట్టి, అనకాపల్లి నూకాలమ్మను తలచుకుని, సరిగ్గా అక్కడే ముడుపు కట్టింది. ఏమని మొక్కిందో చెప్పలేదు. మొక్కు తీరాక ఆమే విప్పాలి, అందాకా ఇంకొకరు తాకకూడదు.

ఆ మర్నాటి నుంచి నాది ఈడ్పు నడకే. పెడల్ సగంలోనే ఆగిపోతుంటే, ఈ ఇంజను తీరే ఇంత కాబోలనుకున్నాడు సన్యాసిరావు. ఘాటు మొదటి మలుపులోనే ప్రయాణికులు దిగి నా వెనక నడిచేవారు. జిలానీ డీజిలు ఫిల్టరు మార్చాడు, గాలి ఫిల్టరు దులిపాడు, క్లచ్ విప్పి బిగించాడు. ముడుపు దగ్గరికొచ్చేసరికి మాత్రం చేతులు వెనక్కి తీసుకునేవాడు. నూనె చుక్క పడకుండా దాని మీద కాగితం కూడా కప్పాడు, అంత మర్యాదస్తుడు. బానెట్ ఎత్తిన ప్రతివాడూ దాన్ని కళ్లకద్దుకున్నాడే తప్ప కళ్లు పెట్టి చూడలేదు. ఆఫీసుల్లో ముడుపు అందితే పని పరుగెడుతుందంటారు, నా దగ్గర అందబట్టే ఆగింది. చెబుదామంటే నాకున్నది హారనొక్కటే.

చివరికి తుక్కు కొనేవాడొచ్చి నా తలుపు మీద వేలితో కొట్టి చూశాడు. రేపొచ్చి తీసుకెళ్లి ముక్కలు చేస్తానన్నాడు. సన్యాసిరావు తలూపి, వాడు వెళ్లాక లోపల కూర్చుని స్టీరింగ్ పట్టుకుని ఉండిపోయాడు. నాకు భయం వేసింది. అతని మీద కోపం మాత్రం రాలేదు.

అప్పుడు వరహాలు ఇంకో ముడుపుతో వచ్చింది. అమ్మవారికి ఒక రూపాయి చాల్లేదేమోనని ఆమె అనుమానం. ఆమె బానెట్ ఎత్తి వంగి ఉండగా, అతను ఆఖరిసారిగా ఇంజను స్టార్ట్ చేసి పెడల్ నొక్కాడు. మీట కదిలింది, ముడుపులోని బిళ్ల అడ్డుపడి సగంలో ఆగింది. మళ్లీ నొక్కమంది. మళ్లీ అక్కడే ఆగింది.

ఆమె ఇంజను ఆపమని, అతన్ని దగ్గరికి పిలిచింది.

"మా ఆయన్ని జోరుగా ఎల్లనీకమ్మా అని మొక్కినాను. అమ్మోరు ఇన్నాది. మనకే తెల్లేదు," అంది.

సన్యాసిరావు ముడుపును చూశాడు, ఆమెను చూశాడు. నవ్వబోయి మానుకున్నాడు. విప్పితే ఆమెకు నిద్ర ఉండదు, విప్పకపోతే నేనే ఉండను. అది ముగ్గురికీ తెలుసు.

"అలాగే ఉంచీ. బండి పోతే పోనీ," అన్నాడు.

ఆ మాట నా గుండెలో గుచ్చుకుంది, పాత వ్యానుదైతేనేం, గుండే కదా. వరహాలు మాత్రం కొంగుతో కళ్లు తుడుచుకుని చేతులు లోపలికి చాచింది.

"అయితే మొక్కు తీరిపోనాది," అంటూ ముడి విప్పింది.

ఇప్పుడు నేను ఘాటు సునాయాసంగా ఎక్కుతున్నాను. తుక్కువాడు ఎదురుపడితే ఇంకా ఆశగానే చూస్తాడు, పాపం. సన్యాసిరావు ఎత్తు మీద పెడల్ కిందికంటా నొక్కుతాడు. మలుపు కనబడితే మాత్రం అతని కాలు సగంలో ఆగుతుంది. అక్కడ ఇప్పుడు అడ్డమేమీ లేదు.